‘టేబుల్ లేదు’ అంటే నిజంగా లేదనేనా?

క్వార్టర్ క్లోజింగ్ వచ్చిందంటే ఐటీ విభాగంలో పనిచేసేవారి ఇళ్లలో ఫోన్లు వేళాపాళా లేకుండా మోగుతాయి. ఆ సంభాషణల్లో తరచుగా వినపడే మాట ఒకటుంది. ‘‘మేడమ్, టేబుల్ లేదని ఎర్రర్ వస్తోంది’’ అని. పక్కనే కూర్చుని వింటున్న ఇంట్లోవాళ్లకు ఇది కంగారు పుట్టించే మాటే. టేబుల్ లేకపోవడమేమిటి? అందులోని ఖాతాదారుల లెక్కలు ఏమైపోయినట్టు? ఇంజనీరింగ్‌లో డీబీఎంఎస్ చదువుతున్న మన పిల్లలు కూడా ల్యాబ్‌లో ఇదే ఎర్రర్ చూసి బెంబేలెత్తుతుంటారు.

చాలా ఏళ్లుగా ఈ ఎర్రర్‌తో కుస్తీ పడుతున్నదాన్ని కాబట్టి, దీని సంగతేమిటో ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను. ముందుగా ఒక ధైర్యం చెప్పాలి. నేను చూసినంతవరకు, ఈ ఎర్రర్ వచ్చిన చాలా సందర్భాల్లో టేబుల్ భద్రంగానే ఉంది. వెతికిన చోటో, పిలిచిన పేరో, చూడటానికి కావలసిన అనుమతో తప్పి ఉంటుంది. అందుకే కొత్త టేబుల్ తయారుచేసే ఆలోచన పక్కన పెట్టి, పాతది ఎక్కడుందో వెతకాలి. ఎందుకలా అన్నదే ఈ పాఠం.

టేబుల్ అంటే ఏమిటి?

కంప్యూటర్లు రాకముందు మన శాఖల్లో సేవింగ్స్ ఖాతాలకు ఒక లెడ్జర్, కరెంటు ఖాతాలకు ఒకటి, అప్పులకు మరొకటి ఉండేవి. నిలువు గడులలో పేరు, నంబరు, తేదీ, జమ, ఖర్చు, నిల్వ. ఒక్కో అడ్డ వరుసలో ఒక్కో పద్దు. డేటాబేస్‌లో టేబుల్ అంటే అలాంటి లెడ్జరే. సమాచారాన్నంతా ఇలా పట్టికలుగా అమర్చవచ్చని, ఆ పట్టికల మధ్య సంబంధాలతో ఏ ప్రశ్నకైనా జవాబు రాబట్టవచ్చని 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. ఆ తర్వాత అదే సంస్థలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయ్స్ ఆ పట్టికలను ప్రశ్నించడానికి ఒక భాషను రూపొందించారు. నేడు మన పిల్లలు నేర్చుకుంటున్న ఎస్‌క్యూఎల్‌కు మూలం అదే.

పాత శాఖలో లెడ్జర్లు ఎన్ని ఉన్నా, ఏది ఏ బీరువాలో ఉందో, తాళం ఎవరి దగ్గరుందో రాసిపెట్టిన రిజిస్టరు ఒకటి ఉండేది. డేటాబేస్‌లోనూ అలాంటిదే ఉంటుంది. దాన్ని డేటా డిక్షనరీ అంటారు. ప్రోగ్రాం ఒక టేబుల్ అడిగినప్పుడు డేటాబేస్ నేరుగా బీరువా దగ్గరికి పరుగెత్తదు. ముందు ఈ రిజిస్టరు తీస్తుంది. అడిగిన పేరు అడిగినవారి పరిధిలో కనిపించకపోతే అక్కడే ఆగిపోయి ‘టేబుల్ లేదు’ అంటుంది. అంటే ఆ మాట చెప్పేనాటికి అది అసలు బీరువా తెరిచి చూడనే లేదు. పెద్ద వ్యాపార సాఫ్ట్‌వేర్లలో టేబుళ్లు వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి ఈ రిజిస్టరులో చిన్న తేడా వచ్చినా ఎక్కడో ఒకచోట పని ఆగిపోతుంది.

ఒకే మాటకు రెండు అర్థాలు

ఒరాకిల్ డేటాబేస్‌లో ఈ ఎర్రర్ నంబరు ఓఆర్‌ఏ-00942. టేబుల్ గానీ వ్యూ గానీ లేదు అన్నది దాని సారాంశం. వ్యూ అంటే అసలు టేబుల్‌ను చూపించే కిటికీ లాంటిది. అందులో సొంతంగా డేటా ఉండదు, వెనకాల ఉన్న టేబుల్ లోంచి కావలసినంత మాత్రం చూపిస్తుంది.

ఈ ఎర్రర్‌లో తిరకాసు ఒకటుంది. టేబుల్ నిజంగా లేకపోయినా ఇదే మాట. టేబుల్ ఉండి, దాన్ని చూసే అనుమతి మనకు లేకపోయినా ఇదే మాట. ఎందుకిలా అని కొత్తవారు విసుక్కుంటారు. కౌంటర్ దగ్గర జరిగేది గుర్తు చేసుకుంటే కారణం తెలుస్తుంది. ఎవరో పరాయి వ్యక్తి వచ్చి ‘‘ఫలానాయనకు మీ దగ్గర ఖాతా ఉందా?’’ అని అడిగితే మనం ఉందనీ చెప్పం, చూపించననీ చెప్పం. ‘చూపించను’ అన్నా ఖాతా ఉన్నట్టు ఒప్పుకున్నట్టే కదా! ఒరాకిల్ కూడా అదే జాగ్రత్త పాటిస్తుంది.

అన్ని డేటాబేస్‌లూ ఇలా దాచవు. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ లేకపోతే 1146 అనే ఎర్రర్, అనుమతి లేకపోతే 1142 అనే వేరే ఎర్రర్ వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 208 నంబరుతో ‘ఆ పేరు చెల్లదు’ అనే అర్థం వచ్చే సందేశం వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్‌ను ‘రిలేషన్’ అని పిలుస్తుంది కాబట్టి ‘రిలేషన్ లేదు’ అంటుంది. ఇది చూసి ఏ బంధుత్వం లేదంటోందో అని తికమకపడిన విద్యార్థులూ ఉన్నారు. మాట ఏదైనా వెతికే పద్ధతి మాత్రం ఒక్కటే.

వెతకాల్సిన వరుస

1. సందేశాన్ని పూర్తిగా చదవాలి. ఏ టేబుల్ పేరు, ఏ ప్రోగ్రాం, ఏ యూజరు, ఎన్ని గంటలకు అన్న నాలుగు సంగతులు రాసుకోవాలి. ‘ఎర్రర్ వచ్చింది’ అన్నంత మాత్రాన ఎవరూ సాయం చేయలేరు. నిన్నటిదాకా నడిచి ఇవాళ ఆగిందా, మొదటిసారే ఆగిందా అన్నది కూడా ముఖ్యమే. నిన్న నడిచిందంటే నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారిందో అడగాలి.

2. ఏ డేటాబేస్‌లో వెతుకుతున్నాం? ప్రతి పెద్ద సంస్థలోనూ అసలు డేటాబేస్‌తో పాటు పరీక్షలకు ఒకటి, శిక్షణకు ఒకటి ఉంటాయి. లోపల అమరిక అంతా ఒకేలా కనిపిస్తుంది. ప్రోగ్రాం సెట్టింగుల్లో ఒక్క పేరు మారితే చాలు, అసలుదానికి బదులు పరీక్షదానిలోకి వెళ్తాం. అక్కడ కొత్త టేబుల్ ఇంకా పెట్టి ఉండకపోవచ్చు. హైదరాబాద్‌లో కోఠికి వెళ్లాల్సినవాళ్లు కూకట్‌పల్లిలో దిగి ఇల్లు కనపడలేదంటే ఎలా?

3. ఎవరి పేరు మీద ఉన్న టేబుల్? డేటాబేస్‌లో ప్రతి టేబుల్‌కూ సొంతదారు ఉంటాడు. ఆ సొంతదారు కింద ఉన్న సరంజామా మొత్తాన్ని స్కీమా అంటారు. టేబుల్ పూర్తి పేరులో ముందు స్కీమా, తర్వాత చుక్క, ఆపైన టేబుల్ పేరు ఉంటాయి. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌తో పోల్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 11 అక్షరాల ఆ కోడ్‌లో మొదటి 4 అక్షరాలు బ్యాంకువి, ఐదోది సున్నా, చివరి 6 శాఖవి. బ్యాంకు అక్షరాలు తప్పితే శాఖ భాగం సరిగ్గా ఉన్నా డబ్బు చేరదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యాక, పాత శాఖల కోడ్‌లు మారాయి. ఖాతాలో డబ్బు అలాగే ఉంది, దానికి దారి మాత్రమే మారింది. టేబుల్‌ను ఒక స్కీమా నుంచి మరో స్కీమాకు మార్చినప్పుడు కూడా జరిగేది ఇదే.

ప్రతిసారీ పూర్తి పేరు రాయడం ఇబ్బంది కాబట్టి ఒరాకిల్‌లో సినోనిమ్ అనే ముద్దుపేరు పెట్టుకోవచ్చు. అందరికీ పనికొచ్చేలా పెడితే పబ్లిక్ సినోనిమ్. పోస్ట్‌గ్రెస్‌లో సినోనిమ్ ఉండదు. ఏ స్కీమాల్లో ఏ వరుసలో వెతకాలో చెప్పే ‘సెర్చ్ పాత్’ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు ఈ ముద్దుపేరు పెట్టడం మరిచిపోయినా, సెర్చ్ పాత్ మారినా టేబుల్ కనపడకుండా పోతుంది.

4. స్పెల్లింగ్, ఇంగ్లీషు అక్షరాల పెద్దా చిన్నా. కోట్ మార్కులు లేకుండా పేరు రాస్తే ఒరాకిల్ దాన్ని పెద్ద అక్షరాల్లోకి, పోస్ట్‌గ్రెస్ చిన్న అక్షరాల్లోకి మార్చుకుంటుంది. కోట్ మార్కుల్లో పెడితే రాసింది రాసినట్టే తీసుకుంటాయి. టేబుల్ చేసేటప్పుడు ఒకరు కోట్ మార్కులు పెట్టి, వెతికేటప్పుడు మరొకరు పెట్టకపోతే కళ్లెదుట ఉన్న టేబుల్ కూడా దొరకదు. మైఎస్‌క్యూఎల్‌ది ఇంకో తరహా. మామూలు అమరికలో విండోస్ మీద ఈ తేడా పట్టించుకోదు, లైనక్స్ మీద పట్టించుకుంటుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద చక్కగా నడిచిన ప్రాజెక్టు కాలేజీ సర్వర్ మీద ఎక్కించగానే మొరాయించడానికి చాలాసార్లు ఇదే కారణం.

5. అనుమతి ఉందా? టేబుల్ ఉందని తేలాక చూడాల్సింది ఇది. ఇక్కడ ఒరాకిల్‌లో అనుభవజ్ఞులను కూడా తిప్పలు పెట్టే సంగతి ఒకటుంది. అదే యూజరు చేత్తో ప్రశ్న రాసి అడిగితే జవాబు వస్తుంది. అదే ప్రశ్నను స్టోర్డ్ ప్రొసీజర్‌లో పెడితే 00942 వస్తుంది. కారణం ఏమిటంటే, రోల్ ద్వారా వచ్చిన అనుమతులు మామూలుగా రాసిన ప్రొసీజర్ లోపల లెక్కకు రావు. యూజరుకు నేరుగా ఇచ్చిన అనుమతే చెల్లుతుంది. మేనేజర్ కుర్చీలో కూర్చున్నందుకు వచ్చిన అధికారం ఒకటి, పేరు రాసి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఒకటి. ప్రొసీజర్ రెండోదాన్నే అడుగుతుంది.

6. అప్‌గ్రేడ్ సగంలో ఆగిందా? ఎస్‌ఏపీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో రెండు రిజిస్టర్లు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ సొంత డిక్షనరీ ఒకటి, కింద డేటాబేస్‌ది ఒకటి. కొత్త టేబుల్ పై డిక్షనరీలో నమోదై, కింది డేటాబేస్‌లో తయారుకాకుండా ఆగిపోవచ్చు. అప్పుడు ప్రోగ్రాం కుప్పకూలి, ‘టేబుల్ అన్‌నోన్’ అనే మాటతో ముగిసే డంప్ వస్తుంది. ఎస్‌టీ22లో ఆ డంప్ చదివి, ఎస్‌ఈ11లో పై డిక్షనరీ నిర్వచనం చూసి, డీబీ02లో రెండు రిజిస్టర్లకూ పొంతన ఉందో లేదో చూస్తారు. తేడా ఉందని తేలితే ఎస్‌ఈ14 ద్వారా సరిచేస్తారు. కిందినుంచి డేటాబేస్‌లోకి దూరి చేత్తో టేబుల్ చేస్తే రెండు రిజిస్టర్లకు మళ్లీ పొంతన కుదరకపోవచ్చు.

7. నిజంగానే తొలగించారా? ఇవన్నీ చూశాక కూడా దొరక్కపోతే అప్పుడు ఈ ప్రశ్న. ఒరాకిల్‌లో 10జీ వెర్షన్ నుంచి చెత్తబుట్ట సదుపాయం ఉంది. అది పనిచేస్తూ ఉండి, ఖాళీ చేయకుండా ఉంటే, తొలగించిన టేబుల్‌ను ఫ్లాష్‌బ్యాక్ ఆదేశంతో వెనక్కి తేవచ్చు. అదీ లేకపోతే బ్యాకప్. అందుకే ఈ దశలో ఎవరూ తొందరపడి ఏమీ రాయకూడదు, చెరపకూడదు. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌కు అప్పగించి ఊరుకోవాలి.

ఖాళీ టేబుల్ తెచ్చిన చేటు

కొత్తగా చేరిన పిల్లలు అర్ధరాత్రి ఫోన్ చేసి ‘‘మేడమ్, దాని డిజైన్ నా దగ్గరుంది, క్రియేట్ చేసేయమంటారా?’’ అని అడుగుతారు. ‘‘వద్దు నాయనా, ముందు పబ్లిక్ సినోనిమ్ ఉందేమో చూడు’’ అంటాను. అలా అనడానికి కారణమైన ఒక ఉదంతం చెబుతాను. అది నేను ఒక ప్రాజెక్టు పని మీద కొన్నాళ్లు వెళ్లిన మరో సంస్థలో జరిగింది.

అక్కడ డిపాజిట్ల వడ్డీ మీద పన్ను కోసే ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఆదాయం పన్ను పరిధిలోకి రాని పెద్దవాళ్లు ఫారం 15హెచ్ ఇస్తే వాళ్ల వడ్డీలో పన్ను కోయకూడదన్నది అప్పటి నియమం. అలా ఇచ్చినవారి జాబితా ఒక టేబుల్‌లో ఉండేది. సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్చినప్పుడు ఆ టేబుల్ వేరే స్కీమాకు వెళ్లింది. సినోనిమ్ పెట్టలేదు. ప్రోగ్రాం 00942 అని ఆగిపోయింది. తెల్లారేలోగా పని పూర్తికావాలి. అక్కడి కుర్రవాడు ప్రోగ్రాం యూజరు కిందే అదే పేరుతో, అవే గడులతో ఖాళీ టేబుల్ ఒకటి తయారుచేశాడు. ఎర్రర్ పోయింది. ప్రోగ్రాం చివరిదాకా నడిచి ‘విజయవంతం’ అని మెయిల్ పంపింది. అందరూ ఇళ్లకు వెళ్లి పడుకున్నారు.

ప్రోగ్రాం లెక్క ప్రకారం ఆ రాత్రి 15హెచ్ ఇచ్చినవారు ఒక్కరు కూడా లేరు. అందరి వడ్డీలోనూ పన్ను కోసేసింది.

రెండు రోజుల తర్వాత అడ్మినిస్ట్రేటర్ లోపం గమనించి పబ్లిక్ సినోనిమ్ పెట్టారు. ఇక సరిపోయిందనుకున్నారు. కానీ ఒరాకిల్ ఏ పేరునైనా ముందు యూజరు సొంత స్కీమాలో వెతుకుతుంది. అక్కడ దొరికితే పబ్లిక్ సినోనిమ్ దాకా వెళ్లదు. సొంత స్కీమాలో ఆ ఖాళీ టేబుల్ కూర్చుని ఉంది. కాబట్టి సరైన మరమ్మతు జరిగాక కూడా ప్రోగ్రాం ఖాళీ టేబుల్‌నే చదువుతూ వచ్చింది. తర్వాతి విడతలోనూ పన్ను కోత పడింది.

బయటపడింది కంప్యూటర్ వల్ల కాదు. పాస్‌బుక్ పట్టుకుని వచ్చిన పెద్దలవల్ల. ‘‘ఫారం ఇచ్చాను కదమ్మా, రసీదు కూడా ఉంది. మరి ఎందుకు కోశారు?’’ అని శాఖల్లో నిలదీశారు. అప్పటికే కోసిన పన్ను ప్రభుత్వానికి కట్టేశారు. ఒకసారి కట్టాక దాన్ని వెనక్కి రప్పించుకోవడానికి ఆ ఖాతాదారే రిటర్ను వేసి రిఫండ్ అడగాలి. రిటర్ను వేసే అవసరమే లేదని 15హెచ్ ఇచ్చిన డెబ్బై ఏళ్ల మనిషి, మందుల ఖర్చుకు వడ్డీ మీద ఆధారపడిన మనిషి, మన పొరపాటుకు ఆడిటర్ల చుట్టూ తిరగాలన్నమాట.

మొదటి రాత్రి ఆ ఎర్రర్‌ను అలాగే ఉంచి, పని ఒక పూట ఆలస్యమైనా సరే అడ్మినిస్ట్రేటర్‌ను లేపి ఉంటే, ఒక సినోనిమ్‌తో, చూసే అనుమతితో సరిపోయేది. ఎర్రర్ చెడ్డ వార్తే గానీ అది నిజం చెబుతోంది. ఖాళీ టేబుల్ అబద్ధం చెప్పింది, అది కూడా ‘విజయవంతం’ అని సంతకం పెట్టి.

ఇలాంటివే మరో రెండు అడ్డదారులు ఉన్నాయి. అనుమతి సమస్య అనుకుని అన్ని టేబుళ్లూ అందరికీ తెరిచిపెట్టడం ఒకటి. ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటర్ యూజరుతో నడిపేయడం రెండోది. రెండింటివల్లా ఎర్రర్ పోతుంది. కానీ ఎవరి ఖాతా ఎవరు చూడవచ్చన్న కట్టుబాటు కూడా దానితోపాటే పోతుంది.

సరిచేశాక చేయాల్సింది

ఎర్రర్ పోగానే పని అయిపోయినట్టు కాదు. టేబుల్‌లో ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కించి, గతనెల రిపోర్టులోని సంఖ్యతో పోల్చాలి. మనకు తెలిసిన ఒకటి రెండు ఖాతాలు అందులో ఉన్నాయో లేదో చూడాలి. అదే పేరుతో మరో స్కీమాలో ఇంకో టేబుల్ ఉందేమో డేటా డిక్షనరీలో వెతకాలి. ఉంటే దాన్ని వెంటనే చెరపకుండా పేరు మార్చి పక్కన పెట్టాలి, ఎందుకంటే ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం అదే. శాఖలో పనిచేసేవారికి నాదొక మనవి. ఎప్పుడూ వందల పేర్లు వచ్చే జాబితా ఒకరోజు సున్నాతో వస్తే, ఎర్రర్ ఏమీ లేదు కదా అని ఫైలు చేసేయకండి. హెల్ప్ డెస్క్‌కు ఫోన్ చేయండి.

ఇంట్లో చేసి చూడండి

డీబీఎంఎస్ చదివే పిల్లలకు ఒక చిన్న ప్రయోగం. పైథాన్‌తో పాటు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వస్తుంది. వేరే ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఒక ఫైలు పేరుతో డేటాబేస్ తెరిచి, ఖాతాల టేబుల్ ఒకటి చేసి, నాలుగు పేర్లు ఎక్కించి, సేవ్ చేసి మూసేయండి. ఇప్పుడు ఫైలు పేరులో కావాలనే ఒక అక్షరం తప్పు రాసి మళ్లీ తెరవండి. తెరిచేటప్పుడు అది ఏమీ అనదు. ఖాతాలు చూపించమని అడగండి, ‘నో సచ్ టేబుల్’ అంటుంది. ఇప్పుడు ఫోల్డర్ తెరిచి చూడండి. తప్పు పేరుతో సున్నా బైట్ల కొత్త ఫైలు ఒకటి పుట్టి ఉంటుంది. అడిగిన ఫైలు దొరక్కపోతే ఎస్‌క్యూలైట్ కొత్తది చేసేస్తుంది. మీ నాలుగు పేర్లు పాత ఫైలులో హాయిగా ఉన్నాయి.

ప్రయోగం ఇంకో మెట్టు ఉంది. ఆ తప్పు ఫైలులోనే అదే పేరుతో టేబుల్ చేసి, మళ్లీ ఖాతాలు చూపించమని అడగండి. ఈసారి ఎర్రర్ రాదు. పేర్లూ రావు. ఆ ఖాళీ తెరను ఒక నిమిషం చూడండి. ల్యాబ్‌లోనైతే అది రెండు మార్కుల నష్టం. ఉద్యోగంలో చేరాక ఆ కనిపించని నాలుగు పేర్లూ నలుగురు ఖాతాదారులవి అవుతాయి.